డయాలసిస్‌లో ఉన్న నాన్నగారి రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందన్నారు. ఇది మందుల వల్లేనా? ఏవి ఆపాలి?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీ నాన్నగారికి 57 ఏళ్ళు, సోంపేట వైపు మీ ఊరు. ఐదేళ్ళుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. మూత్రం దాదాపు రాదు. తుంటి నొప్పికని తీయించిన ఎక్స్‌రేలో ఎముకల పక్కన రక్తనాళాలు తెల్లటి గీతల్లా కనిపించాయి. డయాలసిస్‌కు ముందు బీపీ 178/62 ఉంటోంది. మందుల చీటీలో కాల్షియం 500 మూడు పూటలా, కాల్సిట్రియాల్ (పనిచేసే రూపంలోని విటమిన్ డి) రోజుకొకటి, బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ 10, కొలెస్ట్రాల్‌కు ఎటోర్వాస్టాటిన్, గ్యాస్ మాత్ర, గుండె లయ తప్పినందుకు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, హిమోగ్లోబిన్ పెరగడానికి వారానికి రెండు రక్తం సూదులు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఏసిక్లోఫెనాక్ అప్పుడప్పుడూ వేసుకుంటారు. ఎక్స్‌రే చూశాక ఇంట్లో అందరూ మాట్లాడుకుని, సైడ్ ఎఫెక్టుల భయంతో టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్ మాత్ర ఆపేశారు. కాల్షియం మాత్రం ఎముకలకు బలం కదా అని ఉంచడమే కాక, మెడికల్ షాపు నుంచి ఇంకొకటి తెచ్చి రాత్రి పడుకునే ముందు వేస్తున్నారు.

నేను నెఫ్రాలజిస్టును. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే డయాలసిస్ పేషెంట్లను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఆయన్ని చూడకుండా మందులు మార్చలేను, అది మీ డాక్టరుగారు చేయాల్సిన పని. కానీ మీరు పెట్టిన రిపోర్టులు చూశాక సూటిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మీరు ఆపిన రెండు మందులూ అలా ఇంట్లో కూర్చుని ఆపాల్సినవి కావు. బలానికని ఉంచిన కాల్షియమే ఆ చీటీలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతోంది.

రక్తనాళాల్లో కాల్షియం అనగానే బోరు నీళ్ళ పైపు లోపల ఉప్పు పేరుకున్నట్టు ఊహించుకుంటాం. కొలెస్ట్రాల్‌తో వచ్చే అడ్డంకి కొంతవరకు అలాంటిదే, అది నాళం లోపలి పొరలో వస్తుంది. కిడ్నీ జబ్బులో దానితో పాటు మరొకటి జరుగుతుంది. నాళం గోడ మధ్య పొరలో, అంటే కండరం ఉండే చోట, కాల్షియం దిగుతుంది. జర్మన్ డాక్టరు మాంకెబర్గ్ 1903లోనే దీన్ని వర్ణించాడు. నాళం మూసుకుపోదు, గట్టిపడుతుంది. చాలాకాలం పాటు ఇది ఉప్పులు వాటంతటవి పేరుకోవడమే అనుకున్నారు. కానీ రక్తంలో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్నప్పుడు అది ఆ కండర కణాల్లోకి చొరబడి వాటి స్వభావాన్నే మార్చేస్తుందని తర్వాత తెలిసింది. అవి ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. చుట్టూ కాల్షియం దండిగా ఉంటే దాన్ని తెచ్చి గోడలో కూర్చుకుంటాయి. ఎక్స్‌రేలో ఆ నాళం రెండు సన్నని సమాంతర గీతల్లా, ఎముకంత తెల్లగా కనిపిస్తుంది. మీరు చూసింది అదే అయివుంటుంది.

దీని ఫలితం మీ నాన్నగారి బీపీలోనే కనిపిస్తోంది. పై అంకె 178, కింది అంకె 62. మధ్య తేడా 116. సాగే గుణం ఉన్న నాళమైతే గుండె కొట్టినప్పుడు కాస్త వెడల్పై, ఆ తాకిడిని తనలో దాచుకుని, గుండె సేదతీరే క్షణంలో రక్తాన్ని నెమ్మదిగా ముందుకు తోస్తుంది. గట్టిపడిన నాళం అలా చేయలేదు. అందుకే పై అంకె ఎగురుతుంది, కింది అంకె పడిపోతుంది. పై అంకె పెరిగితే గుండె కండరం మందమవుతుంది. కింది అంకె మరీ పడిపోతే గుండెకే రక్తం సరిగా అందదు, ఎందుకంటే గుండె తన రక్తాన్ని ఎక్కువగా ఆ విశ్రాంతి క్షణంలోనే తీసుకుంటుంది. డయాలసిస్ పేషెంట్లలో గుండె జబ్బు ఇంత ఎక్కువగా ఉండడానికి ఇదో ముఖ్య కారణం.

ఇప్పుడు కాల్షియం మాత్ర సంగతి.

అది బలానికి ఇచ్చింది కాదు. అన్నంతో కలిసి కడుపులోకి వెళ్ళి, తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపడానికి ఇచ్చింది. ఆ పని జరగాలంటే భోజనం మొదట్లోనో మధ్యలోనో వేసుకోవాలి. పడుకునే ముందు ఖాళీ కడుపుతో వేస్తే అక్కడ పట్టుకోవడానికి ఫాస్ఫరస్ ఉండదు. అప్పుడది వట్టి కాల్షియం మాత్రే, కొంత రక్తంలో కలుస్తుంది. కిడ్నీలు బాగున్నవాళ్ళకు ఎక్కువైన కాల్షియం మూత్రంలో పోతుంది. మీ నాన్నగారికి ఆ దారి లేదు.

మీ ఇంట్లో ఉన్న స్ట్రిప్ తిప్పి వెనకవైపు చదవండి. 'కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు, ఎలిమెంటల్ కాల్షియం 500 మిల్లీగ్రాములకు సమానం' అని ఉంటుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది రెండో అంకె. మూడు పూటలా మూడు అంటే 1500. షాపు మాత్ర కూడా అలాంటిదే అయితే మొత్తం 2000. తిండిలో వచ్చేది దీనికి అదనం. అమెరికా కిడ్నీ మార్గదర్శకాలు 2003లోనే ఈ మాత్రల నుంచి వచ్చే కాల్షియం రోజుకు 1500 దాటకూడదన్నాయి. కిడ్నీ జబ్బులకు మార్గదర్శకాలు రాసే అంతర్జాతీయ సంస్థ కెడిగో 2017లో ఇంకా ముందుకెళ్ళి, పెద్దవాళ్ళలో కాల్షియంతో చేసిన ఫాస్ఫరస్ మందుల మోతాదును పరిమితం చేయమని సూచించింది. షాపు మాత్ర స్ట్రిప్ మీద మరో చిన్న లైను కూడా చూడండి. మన దగ్గర అమ్మే చాలా కాల్షియం మాత్రల్లో విటమిన్ డి3 గాని, కాల్సిట్రియాల్ గాని కలిపి ఉంటుంది. అదే జరిగితే చీటీలో ఉన్న కాల్సిట్రియాల్‌కు తోడు, డాక్టరుకు తెలియకుండా రెండో మోతాదు పడుతున్నట్టు. కాల్సిట్రియాల్ చేసే పనుల్లో ఒకటి పేగు నుంచి కాల్షియాన్నీ, ఫాస్ఫరస్‌నీ మరింతగా లోపలికి లాగడం.

ఇదంతా ఊహ కాదని చెప్పడానికి ఒక్క అధ్యయనం చెబుతాను. 2000లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో గుడ్‌మన్ బృందం, చిన్న వయసులోనే డయాలసిస్‌కు వచ్చిన 39 మంది గుండె నాళాలను స్కాన్ చేసి చూసింది. 20 ఏళ్ళ లోపు 23 మందిలో ఒక్కరికీ కాల్షియం కనిపించలేదు. 20 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి కనిపించింది. అంత చిన్న వయసులో! నాళాల్లో కాల్షియం ఉన్నవాళ్ళు మాత్రల రూపంలో తీసుకున్న కాల్షియం, లేనివాళ్ళు తీసుకున్నదానికి దాదాపు రెట్టింపు. వాళ్ళలో చాలామంది డయాలసిస్‌లో ఎక్కువ ఏళ్ళు గడిపినవాళ్ళు కూడా, కాబట్టి తప్పంతా మాత్రలదే అనలేం. ఆ తర్వాత 2002లో కాల్షియం మందునూ, కాల్షియం లేని ఫాస్ఫరస్ మందు సెవెలామర్‌నూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, సెవెలామర్ వాడినవాళ్ళలో నాళాల్లో కాల్షియం పెరగడం తక్కువగా ఉంది. సెవెలామర్ వల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్నదానికి మాత్రం అధ్యయనాల జవాబులు ఒకేలా లేవు. 2007లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మొత్తం మీద మరణాల్లో తేడా తేలలేదు. ఖరీదు కూడా ఎక్కువే. అందుకే అందరికీ మొదటి రోజు నుంచే అది రాయాలని నేననను. కానీ కాల్షియం ఇప్పటికే ఎక్కువగా ఉండి, ఎక్స్‌రేలో నాళాలు తెల్లబడినవారి విషయంలో నాకు రెండో ఆలోచన ఉండదు.

మీ నాన్నగారి రిపోర్టులో సరిగ్గా అదే ఉంది. కాల్షియం 10.6, ఫాస్ఫరస్ 7.2, అల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తు) 3.4, పీటీహెచ్ (మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్) 88. అల్బుమిన్ తక్కువ కాబట్టి సరిచేసి చూస్తే అసలు కాల్షియం 11 దాటుతుంది. పీటీహెచ్ 88 అంటే మామూలు మనిషికి కాస్త ఎక్కువ, డయాలసిస్ మనిషికి మాత్రం బాగా తక్కువ. డయాలసిస్‌లో ఉన్నవారికి అది మామూలు గరిష్ఠ విలువకు రెండింతల నుంచి తొమ్మిదింతల మధ్య ఉండాలంటారు, అంటే ఉజ్జాయింపుగా 130 నుంచి 600. కాల్షియమూ, కాల్సిట్రియాలూ కలిసి ఆ గ్రంథిని మరీ అణచేసినట్టు నాకనిపిస్తోంది. అలా అణిగినప్పుడు ఎముక మందకొడిగా తయారవుతుంది, వచ్చిన కాల్షియాన్ని తీసుకోదు. ఎముకకు పనికిరాని కాల్షియం నాళాల్లోనూ, మెత్తటి భాగాల్లోనూ చేరుతుంది. ఎముక బలానికని మీరు అదనంగా ఇస్తున్న మాత్ర ఎముకకు చేరడమే లేదని నా భయం. ఈ రిపోర్టుతో నా పేషెంటు ఎవరైనా వస్తే కాల్సిట్రియాల్ ఆ రోజే ఆపుతాను, కాల్షియం బదులు సెవెలామర్ రాస్తాను, డయాలసిస్ ద్రవంలో కాల్షియం ఎంత పెడుతున్నారో యూనిట్‌ను అడుగుతాను. ఆ ద్రవం గురించి ఇళ్ళలో ఎవరికీ తెలియదు. అందులో కాల్షియం లీటరుకు 1.25, 1.5, 1.75 మిల్లీమోల్ ఇలా వేర్వేరు మోతాదుల్లో వస్తుంది. కెడిగో 1.25 నుంచి 1.5 మధ్య ఉంచమంటోంది. మీ టెక్నీషియన్‌ను అడిగితే డబ్బా మీద చూసి చెబుతారు.

షాపు నుంచి తెచ్చిన మాత్రను మాత్రం ఎవరినీ అడగకుండా ఈ రోజే ఆపేయవచ్చు, అది ఎవరూ రాసింది కాదు. చీటీలోవి మార్చడానికి రేపే డాక్టరుకు ఫోన్ చేసి కాల్షియం 10.6, అల్బుమిన్ 3.4, పీటీహెచ్ 88 అని చెప్పండి.

సెవెలామర్ రాస్తే దానికీ ఇబ్బందులున్నాయి. మలబద్ధకం, కడుపు ఉబ్బరం. మాత్ర పెద్దది, నమలకుండా మింగాలి. థైరాయిడ్ మాత్ర, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడేవాళ్ళు వాటిని దీనితో కలిపి వేసుకోకూడదు, ఒంటికి పట్టవు. మలబద్ధకానికి లాక్టులోజ్ పర్వాలేదు. ఎనిమా ఇస్తామని ఎవరైనా అంటే మాత్రం అది సోడియం ఫాస్ఫేట్ ఎనిమా కాదని తేల్చుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆ ఒక్క ఎనిమాతో ఫాస్ఫరస్ ప్రమాదకరంగా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. కొలొనోస్కోపీకి ముందు తాగించే ఫాస్ఫేట్ మందుకూ ఇదే వర్తిస్తుంది.

ఏ మాత్ర వేసినా ఫాస్ఫరస్ లెక్క చూసుకోకపోతే లాభం లేదు. తిండిలో రోజుకు 1000 మిల్లీగ్రాములు వచ్చి, అందులో 600 ఒంట్లోకి చేరిందనుకుందాం. వారానికి 4200. నాలుగు గంటల డయాలసిస్ ఒక్కసారికి తీసేది 800 నుంచి 1000. వారానికి రెండుసార్లయితే ఎక్కువలో ఎక్కువ 2000. మిగతా 2200 మాత్రలతోనైనా ఆగాలి, తిండిలోనైనా తగ్గాలి, మూడో సెషన్‌తోనైనా పోవాలి. మూడో సెషన్ కుదిరితే మందులన్నిటికన్నా అదే మేలు. ఆరోగ్యశ్రీలో మీ యూనిట్‌కు స్లాట్ ఉందేమో గట్టిగా అడగండి. తిండి విషయంలో మీ వైపు వాళ్ళకు రెండు ప్రత్యేకంగా చెబుతాను, జీడిపప్పు, ఎండుచేపలు. వంద గ్రాముల జీడిపప్పులో దాదాపు 590 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. పలాస పక్కనే ఉండి జీడిపప్పు తినొద్దంటే కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ గుప్పెడు గుప్పెడుగా తినేది కాదు ఇది. పరామర్శకు వచ్చేవాళ్ళు తెచ్చే పాలపొడి హెల్త్ డ్రింకులు, నల్లటి కూల్‌డ్రింకులు కూడా పక్కన పెట్టండి. పప్పులో ఉండే ఫాస్ఫరస్ కొంతే ఒంటికి పడుతుంది. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా పట్టేస్తుంది. మాంసకృత్తులు మాత్రం తగ్గించకండి. అల్బుమిన్ 3.4 ఉన్న మనిషికి గుడ్డు తెల్లసొన అవసరం, అందులో ఫాస్ఫరస్ చాలా తక్కువ.

వార్ఫరిన్ గురించి మీరు అడగలేదు. అడగాల్సిన మందు అదే. నాళాల గోడలో కాల్షియం దిగకుండా కాపలా కాసే ప్రొటీన్ ఒకటుంది, మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్ అంటారు. అది పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ పనే విటమిన్ కె ను అడ్డుకోవడం. రక్తం గడ్డకట్టకుండా చేసే క్రమంలో ఈ కాపలా కూడా బలహీనపడుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం ఎక్కువ, పైన వార్ఫరిన్. ఈ మూడూ ఒకచోట చేరడం నాకు బొత్తిగా నచ్చని కలయిక. అరుదుగా అయినా దీనివల్ల కాల్సిఫిలాక్సిస్ అనే తీవ్రమైన సమస్య రావచ్చు. చర్మానికి వెళ్ళే చిన్న నాళాలు కాల్షియంతో మూసుకుపోయి ఆ చర్మం చచ్చిపోతుంది. తొడల మీద, పొట్ట కింద, పిరుదుల దగ్గర ముట్టుకుంటే గట్టిగా తగిలే గడ్డలు గాని, ఊదారంగు వల లాంటి మచ్చలు గాని వచ్చి, చూడ్డానికి చిన్నగా ఉన్నా భరించలేనంత నొప్పి పెడితే దాన్ని మామూలు సెగగడ్డ అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తూ కూర్చోకండి. అదే రోజు చూపించాలి. నల్లటి పెచ్చు కట్టేదాకా ఆగితే కాపాడడం కష్టం.

అలాగని వార్ఫరిన్ మీరే ఆపేయకూడదు. గుండె లయ తప్పినవారిలో దాన్ని ఉన్నట్టుండి ఆపితే పక్షవాతం రావచ్చు. కార్డియాలజిస్టునూ, నెఫ్రాలజిస్టునూ ఒకే ప్రశ్న అడగండి: 'నాళాల్లో ఇంత కాల్షియం ఉంది కదా, వార్ఫరిన్ బదులు అపిక్సబాన్ ఇవ్వవచ్చా, అసలు ఈయనకు రక్తం పలచన చేసే మందు ఎంతవరకు అవసరం?' డయాలసిస్ పేషెంట్లలో ఈ రెండో ప్రశ్న మీద మా డాక్టర్లలోనే చర్చ నడుస్తోంది, కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. గుండెకు లోహపు కవాటం వేసినవారికి వార్ఫరిన్ తప్ప వేరే దారి లేదు. విటమిన్ కె2 మాత్రలని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, వాటితో నాళాలు మెత్తబడతాయని ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో తేలలేదు. వార్ఫరిన్ వాడేవారు అవి వేసుకుంటే మందు పనిచేయకుండా పోతుంది.

ఏసిక్లోఫెనాక్ మాత్రం వెంటనే మానిపించండి. వార్ఫరిన్ వేసుకుంటున్న మనిషికి పెయిన్‌కిల్లర్ తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది, రక్తం గడ్డకట్టకుండా డయాలసిస్‌లో ఇచ్చే హెపారిన్ దానికి ఇంకా దోహదం చేస్తుంది. బీపీ కూడా పెంచుతుంది. మలం తారులా నల్లగా వస్తే ఎమర్జెన్సీకి వెళ్ళాల్సిందే. అయితే ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, ఆయన అవి వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి. నొప్పికి పారాసెటమాల్ వాడవచ్చు, రోజుకు ఎంత వరకన్నది మీ డాక్టరును అడగండి. మోకాళ్ళకు వేడి కాపడం, పైపూత వాడండి. తొడ కండరాల వ్యాయామం కూడా నొప్పికి మేలు చేస్తుంది.

ఇంకా డయాలసిస్ దాకా రాని మీ ఇంటివాళ్ళకు, ఊరివాళ్ళకు ఈ మాట మరింత ముఖ్యం. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. పెయిన్‌కిల్లర్ వాటిని ఆపేస్తుంది, నాళం ముడుచుకుంటుంది, కిడ్నీకి రక్తం తగ్గుతుంది. బీపీకి సార్టాన్ మాత్ర, నీరు పోవడానికి మాత్ర వేసుకునేవారికి ఎండలో తోటపని చేసి ఒళ్ళు ఎండిపోయినప్పుడు ఇది తోడైతే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్క వారంలో రెట్టింపు కావచ్చు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంతవరకు కచ్చితంగా తేలలేదు, పెయిన్‌కిల్లర్లే కారణమని నేననడం లేదు. కానీ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని అవి తొందరగా కింద పడేస్తాయన్నది మాత్రం నిజం. కవిటి, కంచిలి, మందస వైపు నుంచి వచ్చేవాళ్ళ సంచుల్లో ఆ స్ట్రిప్పులు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మీరు ఆపేసిన రెండింటి సంగతి ఇప్పుడు చూద్దాం. టెల్మిసార్టాన్ కిడ్నీలను పాడుచేస్తుందన్న మాట ఎలా పుట్టిందో నాకు తెలుసు. మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. మొదటి నాలుగు వారాల్లో 30 శాతం దాకా పెరగడాన్ని మేం పాడవడం అనుకోం, కిడ్నీ లోపలి ఒత్తిడి తగ్గిందనడానికి గుర్తు అనుకుంటాం. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవారిలో ఈ రకం మందులు డయాలసిస్‌ను వెనక్కి నెడతాయని 2001లోనే లోసార్టాన్, ఇర్బెసార్టాన్‌లతో జరిగిన పెద్ద పరీక్షలు చూపించాయి. జబ్బు బాగా ముదిరాక ఆపేస్తే కిడ్నీ తేరుకుంటుందేమోనని బ్రిటన్‌లో 411 మంది మీద పరీక్షించారు. 2022లో ఫలితం వచ్చింది, ఆపినందువల్ల లాభమేమీ కనిపించలేదు. మీ నాన్నగారి విషయంలో కిడ్నీని కాపాడే దశ దాటిపోయింది, ఇప్పుడది బీపీ కోసం, గుండె కోసం. దానితో చూసుకోవాల్సింది పొటాషియం. ఈసారి రక్తపరీక్షలో పొటాషియం ఎంతుందో చూపించి, మళ్ళీ మొదలుపెట్టాలా అని అడగండి. 178 బీపీతో మందు లేకుండా ఉండడం మాత్రం సరికాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఆపాలా అన్నదీ అప్పుడే అడిగి పెట్టుకోండి.

ఎటోర్వాస్టాటిన్ విషయంలో దాచకుండా చెబుతాను. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ (ఈ రకం కొలెస్ట్రాల్ మందు) మొదలుపెట్టినవారిలో పెద్ద ప్రయోజనం కనిపించలేదు. 2005లో జర్మనీలో, 2009లో అనేక దేశాల్లో జరిగిన రెండు పరీక్షలూ అదే చెప్పాయి. డయాలసిస్‌కు ముందు దశలో ఉన్నవారికి మేలు ఎక్కువ. అందుకే మార్గదర్శకం ఇలా ఉంది: డయాలసిస్‌లో కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు, ముందు నుంచీ వాడుతున్నవారు మాత్రం కొనసాగించవచ్చు. మీ నాన్నగారు ముందు నుంచీ వాడుతున్నారు. నాళాల మధ్య పొరలోని కాల్షియాన్ని స్టాటిన్ కరిగించదు, పెంచుతుందన్న భయంతో ఆపనూ అక్కర్లేదు. కండరాల నొప్పి ఉంటే, కండరం దెబ్బతిందేమో చూపే సీకే రక్తపరీక్ష చేయించి నిర్ణయిస్తారు.

కాళ్ళ వాపు గురించి రాశారు. అది ఒంట్లో నీరే అనుకుని డయాలసిస్‌లో మరింత నీరు తీయమని అడుగుతున్నారట. ఆమ్లోడిపిన్ 10 వేసుకునేవారిలో చీలమండల దగ్గర వాపు రావడం మామూలే. ఆ మందు సన్నటి నాళాలను వెడల్పు చేస్తుంది, ఆ ఒత్తిడికి నీరు చుట్టూ కణజాలంలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదది, కాబట్టి ఎక్కువ నీరు తీస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, వాపు మాత్రం అలాగే ఉంటుంది. గట్టిపడిన నాళాలున్న మనిషికి అలా బీపీ ఉన్నట్టుండి పడిపోవడం మంచిది కాదు. మోతాదు 5కు తగ్గిస్తే చాలామందికి వాపు తీస్తుంది, సార్టాన్ తోడుంటే కూడా తగ్గుతుంది. మీరు టెల్మిసార్టాన్ ఆపాకే వాపు పెరిగిందేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అయితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, రెండు సెషన్ల మధ్య బరువు బాగా పెరగడం ఉంటే అది నీరే. డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీశాక ఉండాల్సిన బరువు) మళ్ళీ చూడమనండి.

రక్తం సూదులు వాడుతున్నారు, హిమోగ్లోబిన్ 12.9 అని సంతోషంగా రాశారు. నా ఉద్దేశంలో అది కాస్త ఎక్కువ. కిడ్నీ జబ్బులో ఈ సూదులతో హిమోగ్లోబిన్‌ను 13 దగ్గరకు తీసుకెళ్తే మేలు జరుగుతుందేమోనని చూసిన పరీక్షల్లో కీడు కనిపించింది. 2006లో గుండె సమస్యలు పెరిగాయని తేలింది. 2009లో షుగర్ ఉన్నవారిలో పక్షవాతం దాదాపు రెట్టింపయిందని తేలింది. 10 నుంచి 11.5 మధ్య ఉంచడం మా అలవాటు. బీపీ ఎక్కువగా ఉన్న మనిషికి సూదుల మోతాదు తగ్గించాలేమో ఈ వారమే అడగండి. గ్యాస్ మాత్ర గురించి కూడా, ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేకపోతే ఇంకా అవసరమా అని అడగండి, ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం తగ్గుతుంది. వార్ఫరిన్ వాడుతున్నన్నాళ్ళూ కడుపు రక్షణకు దాన్ని ఉంచాలనే డాక్టరు అనవచ్చు.

ఎక్స్‌రేలో కనిపించిన కాల్షియం తిరిగి కరిగిపోతుందా అని మీ ఆఖరి ప్రశ్న. ఉన్నది పోగొట్టే మందు ఇవాళ మా చేతిలో లేదు. కొత్తగా చేరేదాన్ని మాత్రం బాగా నెమ్మదింపజేయవచ్చు. కిడ్నీ మార్పిడి జరిగితే చాలామందిలో వేగం తగ్గుతుంది. అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించకపోతే అది కూడా చేయించండి. ముందే ఒక విషయం చెప్పాలి. పొత్తికడుపు కింది నాళాలకే కొత్త కిడ్నీని కలుపుతారు, అవి మరీ గట్టిపడితే ఆపరేషన్ కష్టమవుతుంది. సీటీ స్కాన్ తీసి చూస్తారు. ఇప్పుడు కాల్షియం సరిదిద్దాలని నేనింతగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

మీ తమ్ముడికి క్రియాటినిన్ 2.8 అని చివర్లో ఒక లైను రాశారు. ఆయన ఎడమచేయి జాగ్రత్త. కుడిచేతి వాటం అయితే ఎడమ ముంజేతిలో రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి, అరచేతి వెనకవైపు పెట్టమనండి. జ్వరానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ సిరలో సూది గుచ్చితే అది మూసుకుపోతుంది, రేపు అవసరం పడితే ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం సిరను ధమనికి కలపడం) చేయడానికి మంచి సిర మిగలదు. చేయి మణికట్టు దగ్గర ఫిస్టులా ఉన్న మీ నాన్నగారు రోజూ పొద్దున వేళ్ళు పెట్టి చూసుకోవాలి. జివ్వుమని ప్రకంపన తగలాలి. అది ఆగిపోయినా, గట్టిగా కొట్టుకునే నాడిలా మారినా ఆ రోజే వెళ్ళాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి.

రేపు ఫోన్ చేసినప్పుడు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్ష కూడా అడగండి, ఎముక మందకొడిగా ఉందో లేదో దాన్ని బట్టి కొంత తెలుస్తుంది. ఆ అంకె, డయాలసిస్ ద్రవంలో కాల్షియం ఎంతో, షాపు మాత్ర స్ట్రిప్ వెనక ఏముందో తెలిశాక రాయండి, చూసి చెబుతాను.